మాఘ ఆదివారం మందుల పెట్టె

మా ఇంటి నడవాలో ఎడమవైపు ఒక గోడబీరువా ఉండేది. మా నాయనమ్మ బతికున్నంత కాలం అది మందుల బీరువా. జ్వరమనీ, విరేచనాలనీ, తేలు కుట్టిందనీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. ఆవిడ పొట్లం కట్టి ఇచ్చేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మందు ఆ బీరువాలోంచే రావాలి. ఇంకొకరిచ్చిన మందు మా గడప దాటి లోపలికి రాకూడదని ఒక నియమం. అది ఎవరు పెట్టారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే భూములు ఒక్కొక్కటిగా పోతున్నాయి. తరవాత బండీ, ఎద్దులూ పోయాయి. నాయనమ్మ పోయింది, రెండేళ్లకి నాన్నగారు పోయారు. బీరువా ఖాళీ అయింది. నియమం మాత్రం ఉండిపోయింది. దాన్ని నిలబెట్టడం పెద్దకొడుకుగా నా పని అనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అరవైల చివరి రోజులు.

మాఘమాసం ఆదివారాల్లో ఆరుబయట పిడకల మీద పరమాన్నం వండి సూర్యుడికి నైవేద్యం పెట్టడం మా వైపు ఆనవాయితీ. మా వాళ్లు బుచ్చయ్యపేట దారిలో ఉన్న మామిడితోటలో వండేవారు. ఆ తోట కొనుక్కున్న రైతు, తోట తనదైన తరవాత కూడా, ప్రతి ఏడూ వచ్చి అమ్మని పిలిచేవాడు. నాన్నగారు పోయాక మేము వెళ్లలేదు. ఆ ఏడు అమ్మే అడిగింది, "పిల్లది ఇంట్లో ముడుచుకుపోతంది, ఒక్కపూట తీసుకెళ్దాంరా" అని. పిల్లది అంటే మా చెల్లెలు. పదకొండేళ్లది.

సరేనన్నాను. అయితే బియ్యం, పాలు, బెల్లం, చివరికి తాగే నీళ్లు కూడా మనింటివే పట్టుకెళ్లాలన్నాను. మందులు కూడా.

ఆ మందుల పెట్టె సిద్ధం చెయ్యడానికి వారం పట్టింది. నాన్నగారి కాలం నాటి బిస్కట్ల డబ్బా ఒకటి తోమి ఎండబెట్టాను. అయోడిన్, దూది, బోరిక్ పొడి, కాలిన గాయాలకి రాసే మందు అనకాపల్లి వెళ్లి కొన్నాను. మాకు దగ్గరున్న చోడవరంలో కొంటే, ఆ ఇంటివాళ్లు కూడా మందులు కొనుక్కుంటున్నారా అనుకుంటారు. ఇంట్లోంచి వాము, శొంఠి, పచ్చకర్పూరం, ముళ్లు తీసే చిమటా, కత్తెర, పిన్నీసులు. కట్లకి గుడ్డ కావాలంటే అమ్మ లోపలికి వెళ్లి నాన్నగారి పంచె ఒకటి తెచ్చి ఇచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పున చింపి, మరిగే నీళ్లలో వేసి, ఎండబెట్టి, బొగ్గుల ఇస్త్రీ చేసి చుట్టలు చుట్టాను. రెండో కొస చెల్లెలు పట్టుకుంది. బిగించి పట్టుకోమంటే నవ్వుతూ వదిలేసేది. సీసాలకి చీటీలు మాత్రం ఆ పిల్లే రాసి అన్నం మెతుకులతో అంటించింది. నాకంటే గుండ్రటి దస్తూరీ.

తోట దగ్గర మా మేనత్త ఆ డబ్బా చూసి ఊరుకోలేదు.

"ఏట్రా, పెళ్లికూతురి సారె పెట్టెలా ఒళ్లో ఎట్టుకు కూసున్నావు? పులిహోరేమైనా ఉందేటి?"

"మందులత్తా."

"అయితే నాకు ఆకలి రోగం. ముందు నాకేదైనా పెట్టు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్నగారు పోయాక మా అమ్మ పళ్లు కనపడేలా నవ్వడం చూసింది ఆ రోజే.

తోట పక్కన చెరకు నరికేసిన పొలం. ఏటవాలుగా నరికిన మోళ్లు మేకుల్లా నేలలోంచి లేచి ఉన్నాయి. ఆకులు తొక్కుతూ పరిగెత్తిన చెల్లెలి పాదంలో ఒక మోడు దిగింది. ఏడవలేదు. కుంటుకుంటూ వచ్చి కాలు చాపింది. పుల్లముక్క చిమటాతో లాగి, నీళ్లతో కడిగి, అయోడిన్ పోసి, కట్టు కట్టాను. మంటకి నా భుజం మీద గట్టిగా గిల్లింది. కట్టు చూసుకుని, "అత్తా, సూడు! జరీపంచె కట్టేడు నా కాలికి. నేను రాణీగారిని" అంది.

తోట రైతు కొడుకు అక్కడే ఉన్నాడు. చోడవరంలో ఆస్పత్రి కాంపౌండరు. వాళ్ల నాన్న ఒకప్పుడు మా నాయనమ్మ దగ్గర పొట్లాలు కట్టించుకెళ్లినవాడే. అతను వంగి కట్టు వైపు చూశాడు.

"బాగా కట్టేరు బాబూ. కానీ మోడు లోతుకెళ్లింది. పసువులు తిరిగిన నేల. రేపు పొద్దున్న పాపని తీసుకురండి, ధనుర్వాతం రాకుండా సూదేస్తాను."

"అక్కర్లేదు. కడిగేను, మందేసేను."

"పైమందుకి అది ఆగదు బాబూ."

"మా సంగతి మేం చూసుకుంటాం" అన్నాను. అమ్మ పరమాన్నం కలుపుతూ నా వైపు చూసి, మళ్లీ గిన్నె వైపు తిరిగింది.

రెండు రోజుల తరవాత అతనే సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. చేతిలో సూది పెట్టుకునే స్టీలు పెట్టె. అరుగు ఎక్కలేదు, మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"ఇటు పోతా ఆగేను బాబూ. పాప ఉందా?"

"బడికెళ్లింది" అన్నాను.

అతను చెప్పుల వైపు చూశాడు. చెల్లెలి చెప్పులు అక్కడే ఉన్నాయి. "అలాగే బాబూ" అని సైకిలెక్కాడు. లోపల చెల్లెలు అమ్మతో అష్టాచెమ్మా ఆడుతోంది. సూది తప్పిందని గవ్వలు ఎగరేసి నవ్వింది. అమ్మ నవ్వలేదు.

వారం తిరిగేసరికి గాయం మానిపోయింది. కట్టు విప్పి, చూడమని గర్వంగా అమ్మకి చూపించాను. ఆ మర్నాడు పొద్దున్న చెల్లెలు చద్దన్నం ముందు కూర్చుని నోరు తెరవలేకపోయింది. "దవడ పట్టేసిందే" అంది పళ్ల మధ్యనుంచి. గవదలేమో అనుకుంది అమ్మ. మధ్యాహ్నానికి మెడ బిగిసింది. బస్సులో విశాఖపట్నం పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం.

కిటికీలు మూసిన గదిలో పడుకోబెట్టారు. గిన్నె కిందపెట్టిన చప్పుడుకి కూడా ఆ పిల్ల ఒళ్లు విల్లులా వంగిపోయేది. స్పృహ మాత్రం పోలేదు. కళ్లతో మమ్మల్ని వెతుక్కునేది. డాక్టరుగారు, "దెబ్బ తగిలినప్పుడు ఇంజెక్షన్ చేయించారా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన రాసుకున్నారు. నాలుగో రోజు పొద్దున్న పదిగంటల వేళ మా చెల్లెలు పోయింది.

పరామర్శకి వచ్చిన వాళ్లందరూ ఒకటే అడిగారు, అంత దెబ్బ తగిలితే చూసుకోలేదా అని. మొదటిసారి అమ్మ తల వంచుకుంది. రెండోసారి అడిగినప్పుడు తల ఎత్తి, "గుంట మాకు సెప్పలేదమ్మా, దాచేసింది" అంది. తరవాత వచ్చిన అందరికీ అదే చెప్పింది. నేను పక్కనే నిలబడ్డాను. నా పరువు కాపాడుతోందని తెలుసు. ఊరుకున్నాను.

కాంపౌండరు కూడా వచ్చాడు. అతని ముందూ అమ్మ ఆ మాటే అంది. తోటలో కాలు చూసినవాడు, మెట్టు దగ్గర చెప్పులు చూసినవాడు. నా మొహం వైపు చూడకుండా, "అవునమ్మా, సిన్నపిల్లలు సూదికి బయపడి సెప్పరు" అన్నాడు.

మా బంధువుల్లో ఈ రోజుకీ ఆ పిల్ల మాట వస్తే, దెబ్బ దాచుకుని ప్రాణం మీదికి తెచ్చుకుందంటారు. అమ్మ పోయింది. ఆ కట్టు చూసిన మేనత్త కూడా అమ్మ మాటకి ఎదురు చెప్పకుండానే పోయింది. అతనూ పోయాడు. చెప్పాల్సినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. మా చెల్లెలు ఏమీ దాచలేదు. మోడు దిగిన ఆ నిమిషంలోనే నా దగ్గరికి వచ్చి కాలు చూపించింది.