తోక కత్తిరించిన చేపలు

మా ఇంట్లో నన్ను ఇప్పటికీ అనుమానప్పక్షి అంటారు. అననీ. తక్కెడ కింద చింతపండు ముద్ద అతికించారేమోనని వంగి చూశాకే కూరగాయలు కొనేదాన్ని. అలాంటిదాన్ని, కమలాపురం అవతల మా చెరువు కట్ట మీదికి నిక్కరు వేసుకున్న పడుచు ఆఫీసరు ఒకడు కత్తెర పట్టుకుని వస్తే ఊరికే ఎలా ఉంటాను?

కర్నూలు మనకు రాజధాని అయిన కొత్త రోజులు అవి. ఎప్పుడూ లేనిది మా ఊళ్లోకి జీపులు రావడం మొదలైంది. జీపు వచ్చిందంటే మనది ఏదో ఒకటి పోతుందని మా అత్త గట్టి నమ్మకం. మాది చేపలు పట్టి బతికే కుటుంబం. అలాంటి ఇళ్లు అక్కడ నాలుగైదు ఉండేవి, అన్నీ దాయాదులవే. ఆ చెరువులో వల వేసే హక్కు తాతల నాటి నుంచి మాకే ఉంది, కాకపోతే అది ఊరి పెద్దల నోటిమాట మీద నిలిచిన హక్కు. సెంటు భూమి లేనివాళ్లం. ఆ నీళ్లు చేయి జారితే బేతంచెర్ల వెళ్లి నాపబండలు మోయడం తప్ప మాకు ఇంకో దారి లేదు.

ఆఫీసరు మా ఆయన చేత చేపలు పట్టించి, ప్రాణాలతోనే నీళ్ల గంగాళంలో వేయించాడు. ఒక్కొక్కటే తీసి, తోక చివర కత్తెరతో కొంచెం కత్తిరించి, మళ్లీ చెరువులో వదిలేశాడు. పట్టిన చేపను వదిలే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు? దాని తోకెందుకు కోస్తాండావు?" అని మా అత్త నిలదీసింది.

"లెక్క కోసమమ్మా. చెరువులో ఎన్ని చేపలున్నాయో తెలుసుకోవాలండి."

"ఎన్నుంటే నీకేమి?"

"పైనుంచి అడిగారండి."

పైన ఎవరు, ఎందుకు అడిగారు అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మనకు మేలు జరిగే పనైతే దాచుకోవాల్సిన అవసరమేముంది?

మా మొహాలు చూసి కాబోలు, నన్ను గంపెడు జొన్నలు తెమ్మన్నాడు. గుప్పెడు తీసి సున్నం పూసి, ఆరబెట్టి, మళ్లీ గంపలో కలియబెట్టాడు. తర్వాత ఒక పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూపించాడు. "పిడికిట్లో తెల్ల గింజలు చాలా వచ్చాయనుకోండి, గంపలో జొన్నలు కొంచెమే ఉన్నట్టు. తెల్లవి కనబడనే లేదనుకోండి, గంప చాలా పెద్దదన్నమాట. ఒలకబోసి లెక్కపెట్టక్కర్లేదు. చేపలకూ అంతే." కొన్ని వారాలాగి వస్తానని, అప్పుడు మళ్లీ వల వేయిస్తానని, తోక కోసినవి పడితే తనకు చూపించమని చెప్పి జీపెక్కాడు. ఆ సున్నం జొన్నలు ఏరుకునేసరికి నా నడుము పడిపోయింది.

చెప్పింది నాకు అర్థమైంది. అర్థం కావడంతో అనుమానం ఇంకా పెరిగింది. జొన్నకు పూసిన సున్నం కడిగితే పోతుంది. కోసిన తోక అలా కాదు, అది గుర్తు. మా సీమలో గొర్రె చెవికి గాటు పెట్టేది ఎందుకు? ఎవరిదో తెలియడానికే కదా!

ఆ సాయంత్రం మా అరుగు మీద అన్ని ఇళ్లవాళ్లూ కూర్చున్నారు. మా అత్తే తీర్పు చెప్పింది. "దేవుని పేరు మీద అచ్చేసి ఇడిచిన ఎద్దును ఎవురన్నా కట్టేసుకుంటారా? చేను మేసినా అదిలిస్తారు గానీ కొట్టరు. ఇదీ అట్లాంటిదే. అది దేవుని అచ్చు, ఇది గవర్మెంటు అచ్చు. ముట్టుకుంటిమా, దొంగతనం కేసు పెట్టి చెరువు పీక్కుంటారు. శానా జాగ్రత్తగా ఉండల్ల."

"చూపించమన్నాడు గదమ్మా?" అన్నాడు మా ఆయన.

"చూపిస్తే మనల్ని పట్టుకోనీకేరా!"

అందరూ సరేనన్నారు. నాకైతే ఆమె నా మనసులో దూరి మాట్లాడినట్టే అనిపించింది.

ఆఫీసరు మళ్లీ వచ్చాడు. కట్ట మీద కూర్చుని, ఒడ్డుకు వచ్చిన ప్రతి చేపనూ తిరగేసి చూశాడు. మా ఆయన చెరువు మధ్యలో పుట్టి మీద తేలుతూ ఉన్నాడు. వల విప్పేటప్పుడు వంగడం, చేయి నీళ్లలోకి జారడం నాకు కట్ట మీదికి కనబడుతూనే ఉంది. మిగతావాళ్లూ అదే పని చేస్తున్నారు. తోక తెగిన చేప ఒక్కటీ ఒడ్డుకు రాలేదు.

ఆఫీసరు మొహం మాడిపోయింది. గంపలు బోర్లించాడు, మా చీరకొంగుల వైపు కూడా అనుమానంగా చూశాడు. చివరికి మా వంటింటి దాకా వచ్చి పులుసు కుండ మూత తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అత్త గబగబా బయటికి నడిచి చెరువులోకి దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుంది.

"గంగమ్మ సాచ్చిగా చెప్తాండా. నీవు తోక కోసిన చేప మా ఇంట్లోకి గానీ, మా కడుపులోకి గానీ వచ్చింటే నా కండ్లు పోనీ!"

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆఫీసరు చేతులు జోడించి, తప్పుగా అనుకోవద్దన్నాడు. "అయితే అవి అన్ని చేపల్లో కలిసిపోయుంటాయండి. మీ చెరువు నిండా చేపలే!" అని సంబరపడుతూ వెళ్లాడు. మా ఆయన మంచి కొర్రమీను ఒకటి చూసి జీపులో పెట్టించాడు. కేసు తప్పిందని ఆ రాత్రి మేమంతా కడుపునిండా తిన్నాం.

కొన్నాళ్లకు ఊళ్లో దండోరా వేశారు. చెరువులో చేపలు సమృద్ధిగా ఉన్నాయట, అందుకని వేలం వేస్తారట. ఎక్కడి నుంచో ఒక కాంట్రాక్టరు వచ్చి పాడుకున్నాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అందే లాగుడు వల తెచ్చి, పిల్ల చేపను కూడా మిగల్చకుండా ఊడ్చేశాడు. మేం కట్ట మీద నిలబడి చూశాం. ఊడ్చినా కుప్ప పెద్దదేం కాలేదు. ఆ కుప్పలో మాత్రం ఎటు చూసినా తెగిన తోకలే.

ఆఫీసరు జీపు దిగి ఆ కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక చేపను తోక పట్టుకుని ఎత్తి, మా అత్త వైపు తిరిగాడు.

"ఇవి ఇన్నాళ్లూ ఎక్కడున్నాయమ్మా?"

"యాడుంటాయప్పా, నీళ్లలోనే. వలలో పడినవి పడినట్లే ఇడిచేస్తిమి. నీ అచ్చు ఉండాది గదా, మేమెట్ల ముట్టుకుంటాం?"

అతను చేపను కింద పెట్టాడు. 

"చేపలు తక్కువని తేలితే బయటివాళ్ల వలలు రానివ్వొద్దని, చెరువు మీకే ఉంచమని రాద్దామనే వచ్చానమ్మా."

"ఆ మాట ముందే మాకు చెప్పింటే ఏమప్పా?"

అతను తల వంచుకున్నాడు. "చెబితే మీరు చేపల్ని దాచి లెక్క తగ్గిస్తారేమోనని అనుమానపడ్డానండి."

మా అత్త కొంగు దులుపుకుని ఇంటి దారి పట్టింది. ఏడ్చింది నేను. ఆ ఎండాకాలంలోనే పుట్టిని ఇంటి వెనక బోర్లించి, మేం బేతంచెర్లకు రైలెక్కాం.