నవాబుగారి చలి

ఆదివారం భోజనానికొచ్చిన స్నేహితుడు సీతారామారావు కంచంలో మొదటి గరిటెకే నాలుగు గులకరాళ్లు పడ్డాయి. మర్యాదస్తుడు కాబట్టి వాటిని బిర్యానీ ఆకుల్లా పక్కకు జరిపి, "ఖట్టీదాల్ బ్రహ్మాండం భాభీ" అన్నాడు.

కబుర్లలో పడి వడ్డిస్తున్న కనీజ్ ఫాతిమా అప్పుడు కుక్కర్లోకి తొంగి చూసింది. వంటింట్లో ఒకేలాంటి రైస్ కుక్కర్లు రెండున్నాయి. ఆవిడ చూసుకోకుండా అన్నానికి బదులు రాళ్లున్నది పట్టుకొచ్చింది.

"ఏం జీ, ఈ రాళ్లేంది?"

"నవాబుయి," అన్నాడు ఆవిడ భర్త అఖ్తర్, ఎండకు ఆరేసిన బట్టల గురించి చెప్పినంత మామూలుగా. "వెచ్చబెడుతున్న."

నవాబు అంటే వాళ్లమ్మాయి జవేరియా పెంచుకుంటున్న తాబేలు. సింగపూర్‌లో యూ టీ అనే పేటలోని ఆ ఫ్లాటు హాల్లో, టీవీ పక్కన గాజు తొట్టె దాని దర్బారు. స్కూలు క్యాంపుకు పోతూ జవేరియా తొట్టెను తండ్రికి అప్పగించింది.

"పగలూ రాత్రీ వార్మ్‌గా ఉండాలి అబ్బూ. క్యాన్ ఆర్ నాట్?" అంది, అక్కడి ఇంగ్లీషులో.

"క్యాన్ లా," అన్నాడు అఖ్తర్ గొప్పగా. రేపు సాయంత్రం ఆ పిల్ల తిరిగొస్తుంది. నవాబు మాత్రం శుక్రవారం నుంచి ముద్ద ముట్టలేదు. తల లోపలికి లాక్కుని తలుపేసుకున్నాడు. తోటకూర ఆకు నీళ్లమీద అనాథలా తేలుతోంది. రేపు పిల్లకు ఏ మొహం చూపించాలో అఖ్తర్‌కు తోచలేదు.

పాపం, ప్రయత్నానికి లోటు చేయలేదు. పగలు దీపం పెట్టాడు. రాత్రి కనీజ్ శాలువా అడక్కుండా తెచ్చి కప్పాడు. కుక్కర్లో రాళ్లు కాచి తొట్టెలో పేర్చాడు. అవి అతను పేపరు తిరగేసేలోపే చల్లబడేవి.

ఎందుకు చల్లబడవు? నెత్తిమీద ఏసీ పద్దెనిమిదిలో తిరుగుతుంటే!

అదే అతనికి తట్టలేదు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సర్వర్ల గదిని చల్లగా ఉంచడమే అతని ఉద్యోగం. బ్యాంకులన్నీ పోటీపడి కంప్యూటర్లు కొంటున్న రోజులు. వచ్చే ప్రతి మిషనూ కొలిమే. ఆ గదిలో ఏసీ ఆగిందంటే ఉద్యోగం ఊడినట్టే. అలా ఏళ్లు గడిచేసరికి, ఏసీ అనేది ఆపే వస్తువని కూడా మర్చిపోయాడు. పక్క ఫ్లాట్ల వాళ్లు చెమటకు బనియన్లతో తిరిగే ఊళ్లో, అతని భార్య ఉన్ని మేజోళ్లు తొడుక్కుని వంట చేసేది.

సీతారామారావు కంచంతో తొట్టె దగ్గరికొచ్చాడు. చల్లగాలికి ఆయన నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి.

"అఖ్తర్ భాయ్, నా దాలే గడ్డకట్టేస్తోందండీ. ఇంక వాడేం తింటాడు? ముందా ఏసీ కట్టేయండి!"

ఆఫీసు తగలబెట్టమన్నట్టు చూశాడు అఖ్తర్. తర్వాత ఆకువైపు చూశాడు. జవేరియా గుర్తొచ్చింది. రిమోటు తీసి, కళ్లు మూసుకుని నొక్కాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. వంటింట్లోంచి కనీజ్ పరుగున వచ్చింది. "కరెంటు పోయిందా? సింగపూర్ల?"

"పోలే. నేనే బంద్ చేసిన."

ఆవిడ నమ్మలేక ఏసీ కింద చెయ్యి పెట్టి చూసుకుంది.

కాసేపటికి అఖ్తర్ బనియన్‌తో మిగిలాడు. కుక్కర్ మూతతో విసురుకుంటూ తొట్టె ముందు బైఠాయించాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు నవాబు ముక్కు బయటపెట్టాడు. తర్వాత మెడ. మెల్లగా రాయెక్కి, చుట్టూ ఓసారి చూసి, ఆకును గుటుక్కున మింగేశాడు.

"తింటుండు! కనీజ్, తింటుండు!"

కనీజ్ వచ్చింది. ఒంటిమీద శాలువా లేదు, కాళ్లకు మేజోళ్లు లేవు. సీతారామారావుక్కూడా అర్థం కావాలని తెలుగులోనే అందుకుంది.

"ఈ దేశమొచ్చిన కాడినుంచి మోకాళ్లు గుంజుతున్నయి, ఏసీ బంద్ చెయ్యుండ్రి జీ అని మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న ఇన్నరా? గీ తాబేలుకైతే రెండ్రోజులకే బంద్ చేస్తిరి!"

అఖ్తర్ కుక్కర్ మూత పక్కనపెట్టి, లుంగీ కొసతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు ఒక్కపూటన్న అన్నం మానినవా మరి?"