పాలపొడికి దండాల సభ

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి అమెరికా నుంచి వచ్చేది. పచ్చగా ఉండే నూకతో ఉప్మా, పొడి కలిపిన పాలు. ఆ పాల వాసన నాకు గిట్టేది కాదు, ముక్కు మూసుకుని తాగేదాన్ని. అది వానలు ఎగ్గొట్టిన కాలం. చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచి వచ్చే పిల్లల్లో కొందరికి ఆ ఉప్మానే రోజంతటికీ తిండి. మా తాత ఆ బడికి హెడ్మాస్టరు. నూక మూటలతో నంద్యాల నుంచి లారీ ఎప్పుడొస్తుందా అని మా ఇంట్లో వాన కోసం చూసినట్టు చూసేవాళ్లం.

ఆ ఏడాదే మా ముందు గదిలో ఒక అమెరికా ఆయన అద్దెకు దిగాడు. వాళ్ల దేశంలో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పేవాడట. అహోబిలం అడవిలో చెంచులు నరసింహస్వామిని తమ అల్లుడని ఎందుకు చెప్పుకుంటారో తెలుసుకోవడానికి అంత దూరం వచ్చాడు. వాళ్ల దగ్గర కూర్చుని కూర్చుని తెలుగు పట్టేశాడు, అదీ అచ్చం మా తెలుగే. పొద్దున్నే వచ్చి మా నాయనమ్మను "ఏం జేజీ, ఏం చేస్తాండావ్?" అని పలకరిస్తే, జేజి నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అప్పుడు వియత్నాంలో యుద్ధం జరుగుతోంది. పేపరు చేతికొస్తే చాలు, మా తాత అగ్గి మీద గుగ్గిలమయ్యేవాడు. తెల్లదొరల కింద తల వంచుకుని బతికిన తరం ఆయనది. కానీ అమెరికా ఆయన వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట బంద్. మా వైపు ఒక మనిషి ముందర అతని వర్గం పెద్దను ఏమైనా అన్నామంటే, ఆ రెండిళ్ల మధ్య ఇక మాటలుండవు. ఈయన కూడా అంతేనని మావాళ్లు అనుకున్నారు. ఆయన గడప తొక్కగానే జేజి పేపరును బియ్యం డబ్బా వెనక్కి తోసేసేది.

ఒకరోజు నంద్యాల నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. బడిలో సభ పెట్టి, అమెరికా ఆయనకు దండ వేసి, పాలపొడికి ఆ దేశానికి దండాలు చెప్పాలన్నాడు. పిల్లల తరఫున చెప్పేది నేను. ఆ సాయంత్రం మా వాకిట్లో నేను గొంతు చించుకుని అప్పజెబుతుంటే అమెరికా ఆయన గదిలోంచి బయటికి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"ఆపు పాపా. నాకెందుకు దండాలు? మావాళ్లు ఈడ పిల్లోళ్లకు పాలు పోస్తాండారు, ఆడ వియత్నాంలో పిల్లోళ్ల మీద బాంబులు ఏస్తాండారు," అన్నాడు.

మేము ఆ దేశం తిండి తింటున్నాం కదా, మమ్మల్ని ఇరకాటంలో పెట్టడం ఎందుకని అమెరికా ఆయన కూడా ఇన్నాళ్లూ నోరు మెదపలేదట! వాళ్ల దేశంలో ఆయనలాంటి చదువుకున్నవాళ్లు ఎందరో ఆ యుద్ధం వద్దని రాశారట, వీధుల్లోకొచ్చి అరిచారట. వియత్నాంలో ఫ్రెంచివాళ్లు దిగిపోయిన కుర్చీలో మావాళ్లెక్కి కూర్చున్నారు, దొరతనం మాత్రం అదే, అన్నాడు. సభలో కూడా అదే చెబుతానన్నాడు.

"నిన్ను ఎనక్కి పంపిస్తారప్పా," అన్నాడు తాత.

"పంపిస్తే పోతా."

"నువ్వు పోతావు. ఆ నూక ఆగిపోతే నా పిల్లోళ్లు యాడికి పోవాల?"

అమెరికా ఆయన తల వంచుకుని అరుగు మీద కూలబడ్డాడు. తాత మీసం దువ్వుకుంటూ, "లారీ రానీ. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చింది మాట్లాడు," అన్నాడు.

ఇక చూడాలి మా తాత వేషాలు! పందిరి గుంజలు దొరకలేదని ఒకసారి, నడుము పట్టేసిందని ఒకసారి సభను వాయిదా వేయించాడు. ఆఫీసరు విసుక్కున్నాడు. లారీ వచ్చింది. మూటలన్నీ గదిలో సర్దించి, తాళంచెవి మొలకు దోపుకున్నాక గానీ సభకు సరేననలేదు.

సభలో అమెరికా ఆయన మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి, చెప్పాల్సింది మా యాసలో చెప్పేశాడు. ఆఫీసరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఏందయ్యా ఇది? వాళ్ల ఉప్పు తినుకుంటా వాళ్లనే తిట్టిస్తాండావా?"

తాత నిదానంగా లేచాడు. "పిల్లోళ్ల కడుపు నింపినారు, దండం పెడ్తాం సార్. నోరు మాత్రం మాదే." నా వైపు తిరిగి, "నువ్వేం చెప్తావో నీ ఇష్టం పాపా," అన్నాడు.

నేను నేర్చుకున్నదంతా తప్పు లేకుండా అప్పజెప్పాను. పాలు పోసినవాళ్లందరికీ దండాలు పెట్టాను. ఆ తర్వాత ఎవరూ నేర్పని మాట నోటికొచ్చింది. "వియత్నాంలో పిల్లోళ్లను చంపొద్దని మీవాళ్లకు చెప్పండి," అని అమెరికా ఆయనతో అన్నాను. ఆఫీసరు చూస్తున్నాడని కూడా చూడకుండా పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్లకే అమెరికా ఆయన పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. జేజి కడుపున పుట్టినవాణ్ణి పంపినట్టు ఏడ్చింది. మా తాతను శిక్షగా వెలుగోడు బడికి మార్చారు. పోయేరోజు కూడా ఆయన మూటల గది తెరిపించి చూసుకుని మరీ బండెక్కాడు. ఉప్మా ఒక్కపూట కూడా ఆగలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. టీవీలో ఎక్కడో ఒక పెద్ద దేశం వేసిన బాంబులు పడి పసిపిల్లల్ని గుడ్డల్లో చుట్టి మోసుకెళుతుంటే, నేనిప్పుడుండే నంద్యాలలో పెద్ద చదువులు చదివినవాళ్లే, "ఆ దేశంతో మనకు పనులున్నాయి, మనకెందుకమ్మా?" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. పనులుంటే చేసుకోండి, ఎవరొద్దన్నారు? అన్నం పెట్టిన చెయ్యే ఇంకొకరి బిడ్డ మీదకు లేస్తే, ముందుగా ఆ చెయ్యి పట్టుకోవాల్సింది తిన్నవాళ్లమే. నేను పట్టుకుంటాను. నన్ను ఏ వెలుగోడుకు మారుస్తారో మార్చుకోండి.