ఉలవ కట్టె మీద ఆగిన కారు

మా ఇంట్లో పిరికిదాన్ని నేనే. కుక్కర్ విజిల్ వేసినా ఉలిక్కిపడతాను. అందుకే అన్న కారుకు కొత్త పొగగొట్టం పెట్టించుకొచ్చి స్టార్ట్ చేసినప్పుడు, ఆ మోతకు నేను చెవులు మూసుకుంటే అందరూ పడీపడీ నవ్వారు.

కదిరిలో ఎవరి దగ్గరో చేయించాడు. కారుతో వచ్చిన సైలెన్సర్నీ, పొగను శుద్ధి చేసే డబ్బానీ కోసేసి, ఇంజిన్ నుంచి వెనకదాకా లావుపాటి గొట్టం ఒకటి నేరుగా బిగించారు. వేడి తగలకుండా అడ్డం ఉండే రేకులు గలగలమంటున్నాయని వాటినీ పీకేశారు. "పొగ బిర్రున పోతే ఇంజిన్‌కు ఊపిరాడతాది. ఇంగ చూడు, ఎట్ల పోతాదో!" అన్నాడు అన్న. పెద్ద రోడ్డు మీద బాగానే పోయింది, కాదనను. కానీ మెల్లగా పోవాల్సిన చోట లాగుడు తగ్గింది. మా వీధి మిట్ట ఎక్కలేక నడిమధ్యలో ఆగిపోయేది. ఆ మాటెత్తితే నామీదే ఎగిరేవాడు.

నిరుడు చలికాలం చివర్లో, అనంతపురంలో అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించి ఆ కారులోనే ఇంటికి తీసుకొస్తున్నాం. కాలు వంచకూడదని గట్టి పట్టీ వేశారు. అమ్మ వెనక సీటు పొడవునా కాలు చాపుకుని ఉంది. నేను ముందు కూర్చుని, ప్రతి గతుకుకూ వెనక్కి తిరిగి ఆమె ముఖం చూస్తున్నాను.

కల్యాణదుర్గం దాటి కంబదూరు వైపు వస్తుంటే రోడ్డు నిండా ఉలవ కట్టె పరిచి ఉంది. పీకి ఎండబెట్టిన ఉలవ చెట్లను అలా తారు మీద పరిస్తే వచ్చేపోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి. కట్టె తొక్కకుండా పక్కకు తప్పుకుని పోయేవాడి మీదే మావైపు రైతులకు కోపం. పంట దగ్గరున్న ఆడవాళ్లు చేతులూపారు. "రా అన్నా, మెల్లగా తొక్కించు!" అని ఒక ముసలామె కేకేసింది.

అన్న హుషారుగా మధ్యలోకి పోనిచ్చాడు. కట్టె మందంగా ఉంది. చక్రాలు కూరుకుని కారు ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి గట్టిగా తొక్కాడు. మోత చెవులు చిల్లులు పడేలా వచ్చింది గానీ కారు కదల్లేదు. కాలిన పెనంలా ఉన్న ఆ గొట్టం కింద ఎండు కట్టెకు ఆనుకుని ఉందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ముందు వాసన వచ్చింది. తర్వాత అమ్మ పక్క అద్దంలోంచి పొగ కనబడింది. "మంట! కింద మంట!" అని బయట ఎవరో అరిచారు. అన్న ఇంకా తాళం తిప్పుతూనే ఉన్నాడు. నేను దిగి వెనక తలుపు లాగాను. అమ్మ చంకల కింద చేతులు పెట్టి లాగితే ఆమె కేక పెట్టింది. పట్టీ వేసిన కాలు ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇరుక్కుంది.

"నువ్వు దూరం పో పాపా," అంది అమ్మ.

నా కాళ్లు నిజంగానే పరిగెత్తాలన్నాయి. అంత భయం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదనుకున్నాను. అయినా ఆమె చెయ్యి వదలలేదు.

పక్కనే వాళ్ల పంటకు మంట అంటుకుంటోంది. ఇద్దరు ఆడవాళ్లు కట్టెను అవతలికి లాగబోయారు. ముసలామె వాళ్లను కసిరింది. "కట్టె కాలితే కాలనీ! లోపల మనిషి ఉండాది. ఇట్ల రాండి, నూకండి! యోవ్, నువ్వు ఇంజిన్ ఆపప్పా!"

అన్న తాళం వదిలి గేరు తీశాడు. అందరూ ముందువైపు భుజాలు ఆనించి వెనక్కి తోశారు. నేను తలుపు పట్టుకుని కారు పక్కనే పోయాను. కారు వట్టి తారు మీదికి వచ్చాక, కింద ఇరుక్కున్న మండే కట్టెను కర్రలతో లాగి, దోసిళ్లతో మట్టి పోశారు. మంట ఆరింది. అమ్మ బతికింది.

వెనక్కి చూస్తే గాలికి వాళ్ల ఉలవలు మొత్తం మండుతున్నాయి. ఆపడానికి అక్కడ నీళ్లు ఎక్కడివి? తాగడానికి తెచ్చుకున్న సీసా ఒకటుంటే, అది తెచ్చి ముసలామె అమ్మ నోటికందించింది. అమ్మ తాగలేదు.

"మీ పంట?" అంది ఏడుస్తూ.

"వానొస్తే మళ్లీ ఏసుకుంటాం. నువ్వు తాగమ్మా."

ఆ వారంలోనే అన్న పాత పద్ధతిలో సైలెన్సర్, రేకులు పెట్టించేశాడు. వాళ్ల ఇల్లు కనుక్కుని విత్తనాలూ ఇచ్చి వచ్చాడు. నేను ఏదీ ఎత్తిపొడవలేదు.

ఈ ఏడు మావైపు వాన పడలేదు. మొన్న అమ్మను డాక్టరుకు చూపించి అదే దారిన వచ్చాం. ఆ చోటికి రాగానే అన్న కారు మెల్లగా పోనిచ్చాడు. కారు ఇప్పుడు చప్పుడు చేయదు. అమ్మ రెండు చేతులతో తలుపు పట్టుకుంది. ఉలవలు రాల్చే కాలమే, అయినా రోడ్డు మీద ఉలవ కట్టె లేదు, చేతులూపేవాళ్లు లేరు. ఆ ఖాళీ రోడ్డు చూస్తే, ఆనాడు మంట చూసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది నాకు.