కాపలా పెట్టెకు కొసరు

ఈ ఉదయం కరెంటు పోయి వచ్చింది. టీవీ వెనక ఉన్న పాత కంప్యూటరు రెండుసార్లు కూసి మళ్లీ పనిలో పడింది. బయటి ఇంటర్నెట్టుకూ మా ఇంటికీ మధ్య కాపలా అదే, ఫైర్‌వాల్ అంటారు. ఆ కూత విన్నప్పుడల్లా నాకు పసుపుపచ్చ తువ్వాల గుర్తొస్తుంది.

జనగామలో మా ఇంటి ముందుగదిలో మా ఆవిడ బట్టలు కుట్టేది. గిరాకీ వస్తే తెలియాలని నేనే అక్కడ నెట్టుతో నడిచే కెమెరా పెట్టాను. బేరమాడి సగం ధరకు తెచ్చిన సంబరంలో దాని పాస్‌వర్డు మార్చడం మరిచాను. ఒక మధ్యాహ్నం అందులోంచి ఎవడిదో మగగొంతు ఆమెను పలకరించింది. కట్టుకున్న చీర రంగు కూడా చెప్పింది. ఆమె అరవలేదు. తువ్వాల తీసి కెమెరా మీద కప్పి, కుట్టుమిషను వెలుతురు లేని లోపలి గదిలోకి జరుపుకుంది. నేను కెమెరా వైరు పీకేసినా లాభం లేకపోయింది. “వాడు మళ్ల ఫోన్ల నుంచో టీవీల నుంచో రాడని ఏంది నమ్మకం?” అంది.

మరిపెడలో కంప్యూటర్లు బాగుచేసే బావమరిది ఈ పాత కంప్యూటరు ఇచ్చి, “బావా, దీన్ని నెట్టుకు కాపలా పెట్టు. దీన్ని నడిపే సాఫ్ట్‌వేరు, ఓఎస్ అంటరు, ఏదన్న ఒకటి ఎక్కియ్యి. అన్ని ఫ్రీయే” అన్నాడు.

అక్కడే చిక్కుకున్నాను. మాది తాతల నాటి బట్టల దుకాణం. సరుకు కొనేటప్పుడు నచ్చనట్టు రెండు మెట్లు దిగి వెనక్కి పిలిచేదాకా ఆగడం, బేరం తెగాక కొసరు అడగడం మా బాపు నేర్పిన విద్యలు. ధరే లేని సరుకును ఎలా ఎంచుకోవాలో ఆయన చెప్పలేదు. ఆ ఓఎస్‌లలో లైనక్స్ జాతిది ఒకటి ఎక్కించి, ముఖం చిట్లించి తుడిచేసి, బీఎస్‌డీ జాతి దాని దగ్గరకు పోయేవాణ్ని. అక్కడా మెట్లు దిగేవాణ్ని. ఎవరూ వెనక్కి పిలవలేదు. చివరికి కొసరు ఎక్కువ ఇచ్చేదాన్ని పట్టి, దొరికిన అదనపు హంగులన్నీ ఎక్కించాను. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం మా ఇంటా వంటా లేదు. ముసలి యంత్రం ఊపిరాడక ఆగిపోయింది. ఇంట్లో నెట్టు బందైంది.

బావమరిది ఫోన్లో నవ్వాడు. “కాపలాకు కుక్కను తెచ్చుకొమ్మంటే సర్కస్ తెచ్చినవ్ బావా.”

మా ఆవిడ నవ్వలేదు. “ఏది మంచిదని నెల సంది చూస్తున్నరు. చెడిపోతే మీకు ఏది బాగు చేయొస్తదో గది పెట్టుండ్రి.”

అట్లాంటిది ఒక్కటే ఉంది. అన్నిటికన్నా చిన్నది, ఏ హంగూ లేనిది, మొదటిరోజే తుడిచేసినది. సాయంత్రానికల్లా ఎక్కించాను. ఈనాటికీ నడుస్తోంది.

మిషను మళ్లీ ముందుగదికి జరుపుదామన్నాను. “ఉండనీయుండ్రి, ఈడనే అలవాటైంది” అంది, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చికిలిస్తూ. తువ్వాల ఇంకా ఆ కెమెరా మీదే ఉంది. మొదటిదాన్నే ఉంచి ఉంటే ఆ చీకటి గది ఆమెకు అలవాటయ్యేది కాదేమో. నెల రోజుల పాటు కాలంతో కూడా బేరమాడి, మెట్లు దిగి నిలబడ్డాను. అది వెనక్కి పిలవలేదు.