కొత్త తలకి కొత్త బ్లేడు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. మార్కెట్టు యార్డు వెనక వీధిలో మాత్రం ఆయన కొత్తబ్లేడు మావయ్యే. ఎంత పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నా, మెడకి తెల్లగుడ్డ కట్టి, కాగితం విప్పని బ్లేడు మొహం ముందు పెట్టి, "చూశారా, కొత్తది" అంటాడు. వాళ్ళు తలూపాకే చింపుతాడు. తొందరలో ఉన్నవాళ్ళు "చూశాంలే మావయ్యా, కానివ్వు" అని కళ్ళు మూసుకునే అన్నా ఒప్పుకోడు. కళ్ళు తెరిచి చూడాల్సిందే.

ఆయనకి పని నేర్పిన గురువు ఒక్క కత్తినే తోలుపట్టీ మీద నూరి అందరికీ గీసేవాడు. ఒకరి గడ్డం మీది పొక్కులు చూస్తుండగానే వీధి వీధంతటికీ పాకేవి. "గురువు దగ్గర పని నేర్చుకున్నాను గానీ పొక్కులు నేర్చుకోలేదు" అంటాడు మావయ్య. కొత్త తలకి కొత్త బ్లేడన్నది అప్పుడు పెట్టుకున్న నియమమే. దానికి తోడు ఇంకొకటి ఉంది. కుర్చీలో విన్నదీ, చూసిందీ కుర్చీలోనే ఉండాలి. క్షవరం చేసేవాడి నోట్లో నువ్వుగింజ నానదని లోకం అనుకుంటుంది కదా, ఈయన నోట్లో బస్తాలకి బస్తాలు నానిపోయాయి. అందుకే లారీవాళ్ళు, హమాలీలు, ఆఫీసు గుమాస్తాలు పెళ్ళాలకి చెప్పుకోలేనివి కూడా ఆయనకి చెప్పుకునేవారు.

ఒకనాడు ఆరోగ్యకేంద్రం నర్సు, అందరూ సిస్టరమ్మ అంటారు, ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని ఆ వీధికి వచ్చింది. పెట్టె నిండా కండోములు. లారీలు ఆగే చోటు కాబట్టి ఏదో ఒక కొట్లో ఉంచితే, కావలసినవాళ్ళు ఊరికే తీసుకుపోతారని ఆవిడ ఆలోచన. టీకొట్టువాడు తన దగ్గరికి ఆడవాళ్ళు వస్తారన్నాడు. టైర్ల కొట్టువాడు తన దగ్గరికి పెద్దవాళ్ళు వస్తారన్నాడు. ఆడవాళ్ళూ పెద్దవాళ్ళూ ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు. మావయ్య మాత్రం కత్తెర ఆపకుండానే, "ఇటు పెట్టమ్మా. ఇదీ నా బ్లేడు లాంటిదేగా" అన్నాడు.

పెట్టెని అద్దం ముందు, పౌడరు డబ్బా పక్కన పెట్టాడు. రోజులు గడిచినా ఒక్కటి తగ్గలేదు. ఆయనకి పౌరుషం వచ్చింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తనే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపి చూశాడు. అప్పుడు తెలిసింది. అటు గోడకీ ఇటు గోడకీ అద్దాలే. ఒక్కడు చెయ్యి చాపితే అటు నలుగురు, ఇటు నలుగురు చాపినట్టు కనిపిస్తుంది. అంతమంది ముందు సిగ్గుపడనివాడెవడు? పెట్టె తీసుకెళ్ళి, మొహం కడుక్కునే చోట తెర వెనక పెట్టాడు. సాయంత్రానికి సగం ఖాళీ. ఆ పూట వీధిలో మగవాళ్ళందరికీ మొహం కడుక్కోవాలనిపించింది.

సిస్టరమ్మ వచ్చి చూసి మెచ్చుకోలేదు సరికదా, చీవాట్లు పెట్టింది. పెట్టె నీళ్ళు కాచే గీజరుని ఆనుకుని ఉంది మరి. వేడికి రబ్బరు పాడైపోతుందని చెప్పింది. పైగా ఎలా వాడాలో చూపించమంటే, మావయ్య అలవాటు కొద్దీ ప్యాకెట్టుని బ్లేడుతో సర్రున కోశాడు. లోపలిది కూడా రెండు ముక్కలైంది.

"లోకంలో అన్నిటికీ బ్లేడు పనికిరాదు మావయ్యా. అంచు పట్టుకుని వేళ్ళతో చింపాలి" అంది ఆవిడ.

ఆయన పగలబడి నవ్వి, ఆ ముక్కలు చూపించి మరీ పదిమందికి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. కొన గిల్లి గాలి లేకుండా తొడుక్కోవాలని, ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదని, జిడ్డు కోసం తలనూనె రాస్తే రబ్బరు చివికిపోతుందని గడ్డం గీస్తూనే చెప్పేవాడు. ఒక డ్రైవరు రెండు కలిపి వేసుకుంటే మరీ గట్టి కదా అని తెలివి చూపించాడు. "రెండూ రాసుకుని రెండూ చిరుగుతాయి. నీ గడ్డానికి రెండు బ్లేడ్లు కలిపి పెట్టమంటావా?" అన్నాడు మావయ్య. అడగడానికి సిగ్గుపడి నీళ్ళు నమిలేవాళ్ళకి ఆయన దగ్గర ఒకటే మందు ఉండేది. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఇప్పుడు కడుపొక్కటే కాదు, ఇంకా చాలా వస్తాయి."

సుఖవ్యాధుల గురించి సిస్టరమ్మ ఆయనకి కొంత చెప్పి ఉంచింది. తలమీద అక్కడక్కడ జుట్టు రాలినా, అరచేతుల్లో దురద పెట్టని మచ్చలు కనిపించినా రోగం పేరు పెట్టకుండా తన దగ్గరికి పంపమంది. అది ఏమీ కాకపోవచ్చు, సిఫిలిసూ కావచ్చు, రక్తం చూస్తేనే తేలుతుందని చెప్పింది. అలా ఆయన పంపినవాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళు ఎవరన్నది ఆయనకీ సిస్టరమ్మకీ తప్ప తెలియదు.

ఇంక ఆయన కూతురి సంగతి. తల్లి చిన్నప్పుడే పోతే, పొద్దున్నే దానికి రెండు జడలు వేసి బడికి పంపి, ఆ తర్వాతే కొట్టు తెరిచేవాడు. ఇప్పుడు ఆ పిల్ల ఆడవాళ్ళ బట్టల కుట్టుకొట్టు నడుపుతోంది. భర్త లారీ డ్రైవరు. మంచివాడు, పాటలు పాడతాడు, జుట్టంటే ప్రాణం పెడతాడు. ఆమెకి ఆరో నెల. పుట్టబోయేది మనవడైనా మనవరాలైనా మొదటి క్షవరం తనదేనని మావయ్య కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాడు.

ఆ రోజు అల్లుడు దూరప్రయాణం నుంచి వచ్చి నేరుగా మావగారి కుర్చీలో కూర్చున్నాడు. మావయ్య బ్లేడు చూపించి, చింపి, మెడ వెనక గీయడానికి జుట్టు పైకెత్తాడు. అక్కడక్కడ జుట్టు రాలి ఉంది.

"పేనుకొరుకుడేమో మావయ్యా. ఏదైనా నూనె ఉంటే చెప్పండి" అన్నాడు అల్లుడు.

పేనుకొరుకుడు ఆయనకి తెలుసు. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇది అలా లేదు. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, పురుగు కొట్టిన ఉన్నిగుడ్డలా ఉంది.

"చెయ్యి చూపించు."

అరచేతిలో ఇటుకరంగు మచ్చలు. దురద పెడుతోందా అని అడిగితే లేదన్నాడు. మావయ్య చేతిలో కత్తి ఉంది, ఎదురుగా మెడ ఉంది. ఆ మెడ మీద ఆయనకి పుట్టెడు కోపం వచ్చింది. కూతురు, దాని కడుపులో బిడ్డ కళ్ళ ముందు మెదిలారు. కోపంలో కత్తి పట్టకూడదు కాబట్టి దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

బల్ల మీద కూర్చున్న ఒకాయనతో, "ఈ పూటకి కొట్టు కట్టేస్తున్నాను" అన్నాడు.

"నాకు ఇంటర్వ్యూ ఉంది మావయ్యా."

"జుట్టు చూసి ఉద్యోగం ఇచ్చేవాడి దగ్గర చేరకు బాబూ. వెళ్ళిరా."

షట్టరు దించాడు. పట్టపగలు ఆ షట్టరు దిగడం వీధి ఎన్నడూ చూడలేదు.

"నిజం చెప్పు. బయట ఎక్కడైనా తిరిగావా?"

"ఒక్కసారే మావయ్యా. సరుకు దిగక అక్కడే ఉండిపోయినప్పుడు."

"తర్వాత పుండు లేచిందా?"

"లేచింది. నొప్పి లేదు. దానంతట అదే మానిపోయింది. మానింది కదా అని..."

"మానలేదురా. నివురుగప్పి లోపల ఉంది." అల్లుడిని ఆయన 'రా' అనడం అదే మొదటిసారి. "ఈ యార్డులో ప్రతి లారీవాడి జేబులోనూ నా కొట్లో తీసుకున్న ప్యాకెట్టు ఉంటుంది. నీ జేబులో ఎందుకు లేదు?"

"ఎలా తీసుకోమంటారు? వాళ్ళందరికీ మీరు పిలుపుకి మావయ్య. నాకు పిల్లనిచ్చిన మావయ్య. మీరు చూస్తుండగా ఆ తెర వెనక్కి వెళ్ళొస్తే మీరేమనుకుంటారు?"

దీపం కింద చీకటంటే ఇదే. అందరి సిగ్గునీ తెరచాటున దాచగలిగాడు గానీ, సొంత అల్లుడి సిగ్గుకి ఆ తెర చాలలేదు.

కోపాన్ని మింగి, అల్లుణ్ణి వెంటబెట్టుకుని ఆరోగ్యకేంద్రానికి నడిచాడు. రక్తం తీశారు, చూశారు. సిఫిలిసే. సూదితో నయమయ్యే రోగమేనని సిస్టరమ్మ ధైర్యం చెప్పి, అక్కడే ఆగకుండా అసలు మాట అంది.

"ఈయనకొక్కడికే వైద్యం చేస్తే చాలదు. మీ అమ్మాయికి మొదట్లో చేసిన పరీక్ష బాగానే ఉంది. ఆ తర్వాత సోకి ఉంటే బిడ్డకీ చేరుతుంది. బిడ్డ దక్కకపోవచ్చు కూడా. ఇప్పుడే పట్టుకుంటే ఇద్దర్నీ కాపాడుకోవచ్చు. ఆలస్యం చెయ్యకండి."

అల్లుడు ఆవిడ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. "సిస్టరమ్మా, అది బలానికి వేసే సూదని చెప్పండి. మీకు పుణ్యముంటుంది."

"అబద్ధం చెప్పి ఎవరి ఒంట్లోనూ సూది గుచ్చను" అంది ఆవిడ.

తిరిగి వస్తుంటే దారిలో మావయ్య ఆగి, అల్లుడికి ఎదురుగా నిలబడ్డాడు. "కుర్చీలో చూసింది నేను బయట చెప్పను. నీ విషయంలోనూ అంతే. ఇది నీ నోటితో నువ్వే చెప్పాలి, ఇవాళే చెప్పాలి. దీపాలు పెట్టే వేళకి చెప్పకపోతే మాత్రం నేను కొట్టు మనిషిని కాదు, దాని తండ్రిని."

కూతురు ఇంట్లో మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు కుడుతోంది. అల్లుడు లోపలికి వెళ్ళాడు. మావయ్య మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి మిషను చప్పుడు ఆగింది. ఏడుపు వినిపిస్తుందేమోనని ఆయన చెవి ఒగ్గాడు. ఏడుపు రాలేదు. మిషను మళ్ళీ మొదలైంది, ఇదివరకటి కంటే వేగంగా, కుట్టు చివరిదాకా వెళ్ళి ఆగింది. పట్టిన పని సగంలో వదిలే పిల్ల కాదు. సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నాన్నా, ఆసుపత్రి ఇంకా తెరిచే ఉంటుందా?"

"సిస్టరమ్మ మన కోసం కూర్చుని ఉంది తల్లీ."

ఇద్దరూ నడుస్తుంటే, అల్లుడు వెనక దూరంగా వచ్చాడు. సగం దారిలో ఆమె అంది. "పెళ్ళికి ముందు కూర్చోబెట్టి గ్యాసు సిలిండరు ఎలా మార్చాలో చెప్పావు. ఫ్యూజు ఎలా వెయ్యాలో చెప్పావు. ఇది ఎందుకు చెప్పలేదు?"

"ఆడపిల్లవి, పైగా నా కూతురివి. ఎలా చెప్పేదమ్మా?"

"ఊళ్ళోవాళ్ళ కొడుకులందరికీ చెప్పావుగా. మొహమాటానికి పోతే ఏమొస్తుందో నువ్వే అంటావు కదా నాన్నా."

ఇన్నేళ్ళలో ఎన్ని గడ్డాలు గీసినా ఆయన చెయ్యి తెగలేదు. ఆ రోజు తన సామెతే తనని కోసింది. ఏడ్చాడు. దాచుకోలేదు కూడా. కూతురు ఆగి, కొంగు అందించి, "ఏడుపు తర్వాత. ముందు పద" అంది.

ఆమె రక్తంలోనూ ఉంది. డాక్టరు రాసిన సూదులన్నీ ఒక్కటి వదలకుండా వేయించుకుంది. మళ్ళీ పరీక్షకి రమ్మన్నప్పుడల్లా వెళ్ళింది, మొగుణ్ణీ లాక్కెళ్ళింది. అతనితో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మాత్రం తేల్చి చెప్పింది.

"ప్రయాణం నుంచి రాగానే సిస్టరమ్మ దగ్గర పరీక్ష. ఇంట్లో కండోము. నాకు నమ్మకం కుదిరేదాకా ఇంతే. ఇష్టమైతే ఇంట్లో ఉండు, లేదంటే నీ లారీలోనే ఉండు."

అతను ఇంట్లోనే ఉన్నాడు. పాటలు మాత్రం కొన్నాళ్ళు మానేశాడు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బిడ్డకీ పరీక్షలు చేశారు, ఏ దోషమూ లేదన్నారు. ఆ కబురు విన్నాక మావయ్య వీధిలో కనిపించినవాడినల్లా పట్టుకుని ఊరికే గడ్డం గీశాడు. మొన్ననే గీయించుకున్నామన్నవాళ్ళకి కూడా గీశాడు.

పిల్లకి జుట్టు కళ్ళమీద పడేంత పెరిగాక, ఒక మధ్యాహ్నం కూతురు భర్తతో, బిడ్డతో కొట్టుకి వచ్చింది. బల్ల నిండా మగవాళ్ళు. సిస్టరమ్మ తర్వాత ఆ గడప తొక్కిన ఆడది ఆమే. అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు. అల్లుడు కుర్చీలో కూర్చుని బిడ్డని ఒళ్ళో పెట్టుకున్నాడు. మావయ్య అలవాటు ప్రకారం కాగితం విప్పని బ్లేడు మనవరాలి మొహం ముందు పెట్టి, "చూశావా, కొత్తది" అన్నాడు. అది లాక్కోబోయింది. తల్లి వంగి పరీక్షగా చూసి, "నేను చూశాను. చింపు నాన్నా" అంది.

తర్వాత ఆమె తిన్నగా తెర వెనక్కి వెళ్ళింది. మొహం కడుక్కోవడానికి కాదని అందరికీ తెలుసు. తిరిగి వచ్చేసరికి చేతిసంచీ నిండా ప్యాకెట్లు. అటు గోడ అద్దాల్లోనూ ఇటు గోడ అద్దాల్లోనూ ఆమే, ఆమె సంచే. బల్ల మీదివాళ్ళు ఎటు చూడాలో తెలియక మేకుకి వేలాడే క్యాలెండరు చూశారు.

"నీ దగ్గరికి మగవాళ్ళే వస్తారు నాన్నా. ఆడవాళ్ళకి ఎవరు చెప్తారు? నా కొట్లో కొలతలు తీసే చోట కూడా తెర ఉంది. సిస్టరమ్మ నాకు వేరే పెట్టె ఇస్తానంది. అందాకా ఇవి తీసుకెళ్తున్నాను."

మావయ్య సంచీ వైపు చూశాడు. "ఇస్త్రీపెట్టె పక్కన పెట్టకు, వేడి తగులుతుంది. కత్తెరతో కత్తిరించొద్దని చెప్పు."

"బ్లేడుతో కూడా వద్దని చెప్తాలే" అంది కూతురు.

బల్ల మీద నవ్వులు లేచాయి. అందరికంటే గట్టిగా మావయ్యే నవ్వాడు. నవ్వు తగ్గేదాకా ఆగి, మనవరాలి తల మీదికి వంగాడు. జుట్టు ఒత్తుగా, నల్లగా, ఎక్కడా ఖాళీ లేకుండా ఉంది.