అచ్చు తోలిన దొడ్డి

మొన్న మా అబ్బాయి చిలకలూరిపేట నుంచి తోటలకు డిజైన్లు గీసే కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అతగాడు దొడ్లో అడుగైనా పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి, ఫోనులో నాలుగు గీతలు గీసి, ఈ వంకర దారి తీసేసి తిన్నగా టైల్స్ పరిచి అటూ ఇటూ లాన్ వేద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వంకర కోసం నేను మా మామగారితోనే పంతం పట్టినదాన్ని.

నేను శావల్యాపురం దగ్గర ఈ పల్లెకు కోడలిగా వచ్చేనాటికి ఇంటి వెనక అరెకరం జాగా తుమ్మ మొక్కలతో పడి ఉండేది. దాన్ని చదును చేసి మిరపకాయలు ఎండబోసుకునే కళ్ళం చెయ్యాలని మామగారు, తోట వెయ్యాలని నేను. ఆ రోజుల్లో మామగారి ఎదుట కోడలు నిలబడకూడదు కనుక తలుపు చాటు నుంచే మాట్లాడేదాన్ని, కాని వీధిలోకి వినపడేట్టు మాట్లాడేదాన్ని. చివరికి ఆయన విసిగి, మిరప కోతల నాటికి అది తోటలా కనపడితే నీది, లేకపోతే కళ్ళమే అని తేల్చేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు, మా ఆయనకు అంతకన్నా తెలియదు. మిరప నాటే ముందు ఎడ్లతో పొలమంతా నిలువూ అడ్డం గీతలు గీసి, గీతలు కలిసినచోటల్లా మొక్క పెడతాం చూడండి, అదే అచ్చు తోలడమంటే; ఆ మంచి మనిషి తెల్లవారేసరికి ఎడ్లు కట్టి దొడ్డంతా అచ్చు తోలేశారు. మామిడి పక్కన మల్లె, మల్లె పక్కన జామ, జామ పక్కన మళ్ళీ మామిడి, అన్నీ మూరెడు ఎడంలో! మామగారు చూసి పడీ పడీ నవ్వారు. "ఏందిరా, మామిడి చెట్టు మిరప చెట్టంతే ఉంటదనుకున్నావా?" అన్నారు.

ఆ నవ్వుతో నాకు రోషం పొడుచుకొచ్చింది. మొక్కలన్నీ పీకించి బావి పక్క నీడలో పెట్టించి, ఎండ ఎటు తిరుగుతోందో, అంట్ల నీళ్ళు ఎటు పారుతున్నాయో, గేదెల పాకకు మనుషులు ఎట్లా నడుస్తున్నారో చూస్తూ పెరటి గుమ్మంలో కూర్చున్నాను. ఒక్కరూ తిన్నగా నడవలేదు, అందరూ బావి గట్టు తప్పించుకుని వంపు తిరిగే పోతున్నారు. ఆ అడుగుల వెంబడే ముగ్గు పోశాను. ప్రతి మొక్కకూ అది పెరిగాక ఎంత నీడ పరుస్తుందో అంత గుండ్రం గీశాను. పక్కింటి పిన్ని గోడ మీద నుంచి తొంగి చూసి, "ఏమే, సంక్రాంతి నెల పట్టకముందే దొడ్డంతా ముగ్గేశావేంది?" అంటూ వచ్చేసి, మామిడి అక్కడుంటే తన బట్టలకు ఎండ తగలదని కాలితో గీత చెరిపేసింది. నిజమే కదా అని పక్కకు జరిపి గీశాను. మా అత్తగారు కరివేపాకును వంటింటి దగ్గరకు జరిపించారు. మామగారు మాత్రం అటు అడుగు పెట్టలేదు.

కోతలొచ్చాయి. ఆ గుండ్రాల్లో నాటిన చెట్లింకా నడుమెత్తు కూడా రాలేదు, దారి పక్కన బంతీ చామంతీ మాత్రం విరగబూశాయి. మిరపకాయల బండి తిన్నగా వచ్చి దొడ్డి వాకిట్లోనే ఆగింది. ఇక కళ్ళమే అనుకున్నాను. మామగారు బండి దిగి, వంపు దారమ్మట చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి బండిని పొలానికి తోలమన్నారు. తర్వాత నావైపు చూడకుండానే, "ముగ్గుంటే కాస్త పట్రా అమ్మాయ్," అని, దారి మలుపులో తన మంచానికి నీడ కావాలంటూ వంకర టింకరగా ఓ గుండ్రం గీశారు. అక్కడ వేప నాటాం. ఆయన చివరిదాకా ఆ నీడనే పడుకున్నారు.

నేనుండగా ఆ దారి తిన్నగా కాదని ఆ కుర్రాడికి చెప్పి పంపేశాను. ఫోనులో తోట బాగానే ఉంది, కాదనను. కాని ఇప్పుడు పక్కింటివాళ్ళ గోడ మనిషెత్తు లేచింది, తొంగి చూసేవాళ్ళే లేరు, ఒకవేళ ఎవరైనా వచ్చినా ఆ ఫోనులో గీతను కాలితో చెరిపేదెట్లా?